ఆకాశానికీ రెండు ఘాట్ రోడ్లు కావాలి

అలిపిరి దాటి తిరుమల కొండెక్కే బస్సుకు దిగే బస్సు ఎదురుపడదు. 1944లో తొలి ఘాట్ రోడ్డు వేసినప్పుడు రాకా పోకా రెండూ దాని మీదే. బండ్లు పెరిగాక, 1974లో రెండోది వచ్చింది. ఎక్కేవాళ్లకు కొత్తది, దిగేవాళ్లకు పాతది. అంతటితో ఆగలేదు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం లెక్క కట్టింది. అంతకంటే ముందే గేటు దగ్గర తేలితే జరిమానా. తొందరగా వచ్చేసిన డ్రైవర్లు బండి పక్కకు తీసి, గడియారం చూసుకుంటూ విసుక్కుంటారు. అయినా ఆ నియమం ఎత్తేయాలని అడిగినవాళ్లు అరుదు.

అదే కొండ మీది ఆకాశంలో పెద్ద విమానాలకు ఇలాంటి ఏర్పాటే ఉంది. వాటి దారులు, ఎత్తులు, దిగే వరుస అన్నీ ముందే గీసి ఉంటాయి. చిక్కంతా ఆ దారుల పక్కనా కిందా తిరిగే చిన్నవాటితోనే. నలుగురు ఎక్కే హెలికాప్టరు, శిక్షణ విద్యార్థి నడిపే సెస్నా, ఇప్పుడు కొత్తగా డ్రోను. ఇవి వాటి మానాన అవి తిరుగుతాయి. తిరుపతి ఆకాశం ఇంకా ఇరుకు కాలేదు కాబట్టి ఈ సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఇరుకయ్యాక పట్టించుకుంటే ఎంత ఖర్చవుతుందో ప్రపంచంలో చాలా ఊళ్లు చూశాయి.

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయాన్ని నడుమ పెట్టి పటం మీద వృత్తం గీసి చూడండి. దక్షిణాన అరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో అరక్కోణం. 1992 నుంచీ అక్కడ నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళి ఉంది. ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల దూరంలో చెన్నై విమానాశ్రయం, దానికి దగ్గర్లోనే తాంబరం వైమానిక దళ స్థావరం. తూర్పున డెబ్బై అయిదు కిలోమీటర్లకు శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అదీ తిరుపతి జిల్లాదే. పడమర పాకాల వైపు వెళ్తే గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల గాలి కొలతల కోసం బెలూన్లు వదులుతుంది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో అధికారులు రాకెట్ నమూనా పట్టుకుని శ్రీవారి దర్శనానికి వస్తారు, మర్నాటి పేపర్లో ఫొటో పడుతుంది. పేపర్లో పడనిది ఇంకొకటి ఉంది. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు ఈ మేర ఆకాశంలోకి రావద్దని పైలట్లకు వెళ్లే ‘నోటమ్’. ఒకే జిల్లా ఆకాశంలో ఎయిర్‌బస్, రాకెట్, బెలూన్, హెలికాప్టర్ తిరిగే చోట్లు దేశంలో ఎన్నో ఉండవు.

నడివయసు దాటినవాళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉండాలి. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ-300, బేగంపేటలో మసక వల్ల దిగలేక వెనక్కి తిరిగింది. రెక్కల ఫ్లాప్‌లు ముడుచుకోలేదు. దాంతో ఇంధనం దండిగా ఖర్చయింది. మద్రాసు చేరకుండానే అది కాస్తా అయిపోయి, తిరుపతి సమీపంలో వరిపొలంలో దిగిపోయింది. 262 మందీ బతికారు. ఆ రోజు ఈ ఆకాశం దాదాపు ఖాళీ. అప్పటి రేణిగుంటకూ ఇప్పటి రేణిగుంటకూ పోలికే లేదు. 2015 అక్టోబరులో ‘గరుడ’ టెర్మినల్ వచ్చింది. 2,286 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు పెంచే పని చేపట్టారు. పెద్ద రన్‌వే వేసేది పెద్ద విమానాల కోసమే కదా.

ఇంత ఉన్నా, తిరుపతిలో ఆకాశం ఊసెత్తితే చర్చ ఒక్కచోటే గిరికీలు కొడుతుంది. కొండ మీద విమానాలు ఎగరకూడదు. శ్రీవారి గర్భగుడి గోపురమైన ఆనంద నిలయం మీదుగా ఏదీ వెళ్లరాదన్నది ఆగమ సంప్రదాయం. తిరుమలను నో ఫ్లై జోన్‌గా ప్రకటించాలని 2025 మార్చిలో టీటీడీ ఛైర్మన్ బి.ఆర్.నాయుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడికి లేఖ రాశారు. అంతకుముందు కూడా ఈ కోరిక ఢిల్లీ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. కోరికను కొట్టిపారేయడం సరికాదు. ముంబయిలో పార్సీల అంత్యక్రియల స్థలమైన టవర్ ఆఫ్ సైలెన్స్ మీద విమానాలకు నిషేధం ఉంది. నమ్మకానికి ఆకాశంలో కాస్త చోటివ్వడం ఈ దేశానికి కొత్త కాదు. కానీ గుడి చుట్టూ వృత్తం గీసి, ఆ వృత్తంలోకి రానివ్వనిది ఎటు పోవాలో చెప్పకపోతే సగం పనే చేసినట్టు.

చిన్న లెక్క వేస్తే విషయం తేలుతుంది. విమానాశ్రయం నుంచి తిరుమల గాలిదారిలో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, పడమరకు కొంచెం వాయవ్యంగా. రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంది. పడమటి నుంచి దిగే విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా నేలకు మూడున్నర వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 2,800 అడుగులు, చుట్టూ శిఖరాలు ఇంకా పైకి. అందుకే దిగే విమానానికి అసలు దారి కొండ పైన కాదు, కొండ పక్కన. చంద్రగిరి, తిరుపతి, తిరుచానూరు మీదుగా స్వర్ణముఖి పారే లోయే దాని దారి. మరి మబ్బు కమ్మినప్పుడు హెలికాప్టరు ఏ దారి పడుతుంది? అదీ కొండలను తప్పించుకుని అదే లోయలోకి దిగుతుంది. కొండ మీద నిషేధం పెట్టినకొద్దీ లోయలో రద్దీ పెరుగుతుందే గానీ తగ్గదు. మాట్లాడుకోవాల్సింది ఆ లోయ గురించి.

చిన్న విమానం పెద్దదానికి ఎందుకు గండం అవుతుందంటే, ముందు అది కనపడదు కాబట్టి. రాడార్‌కూ కొండకూ పడదు. కొండ చాటున తక్కువ ఎత్తులో పోయేది తెర మీదికి రాదు. ఈ జిల్లావాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో బయల్దేరింది ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికే. తొమ్మిదిన్నర కాకముందే సంబంధాలు తెగిపోయాయి. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర దాని ఆనవాలు దొరికింది మర్నాడు. అది ఢీకొన్న ప్రమాదం కాదు, వాన మబ్బుల్లో జరిగిన ప్రమాదం. కానీ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న యంత్రం ఎక్కడుందో ఒక రాత్రంతా ఎవరికీ తెలియలేదంటే, మామూలు చార్టర్ హెలికాప్టర్ సంగతి చెప్పేదేముంది?

‘రాడార్‌కు కనపడకపోతేనేం, పైలట్ కంటికి కనపడదా?’ అనిపిస్తుంది. విమానయానం చాలాకాలం ఈ ధీమాతోనే నడిచింది. చూడు, తప్పుకో. దిగడానికి వస్తున్న జెట్ వేగం గంటకు 460 కిలోమీటర్లు, ఎదురొచ్చే సెస్నాది 185 అనుకుంటే రెంటి మధ్య దూరం సెకనుకు 180 మీటర్ల చొప్పున తరుగుతుంది. ఒక వస్తువును చూసి, అది విమానమని గుర్తించి, ప్రమాదమని తేల్చుకుని, చెయ్యి కదిలించి, విమానం మళ్లడానికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ లెక్క. ఆ లెక్కన పైలట్ రెండు కిలోమీటర్లకు పైగా దూరంలోనే దాన్ని పట్టుకోవాలి. అంత దూరాన 11 మీటర్ల రెక్కల సెస్నా చందమామలో సగం వెడల్పు ఉంటుంది, మందం మాత్రం గీతంత. పైగా నిజంగా ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో కదలదు. ఒకే చోట చుక్కలా నిలబడి, చివరి క్షణంలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మన కన్ను కదిలేదాన్ని పట్టుకుంటుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. పైలట్లు నిర్లక్ష్యంగా ఉంటారని కాదు, కన్ను పనిచేసే తీరే అంత.

1978 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది ఇదే. పీఎస్ఏ సంస్థ బోయింగ్ 727 దిగుతోంది. ముందు సెస్నా ఉందని కంట్రోలర్ చెప్పాడు, కనిపించిందని పైలట్లు బదులిచ్చారు. తర్వాత అది కంటికి తప్పిపోయింది. రెండూ ఢీకొని ఇళ్ల మీద పడ్డాయి. నేల మీద ఏడుగురితో కలిపి 144 మంది పోయారు. ఆ సెస్నా అక్కడెందుకు ఉందన్నది అసలు ప్రశ్న. పరికరాల సాయంతో దిగడం సాధన చేయడానికి వచ్చింది. అందుకు కావాల్సిన ఐఎల్ఎస్ ఏర్పాటు ఆ ప్రాంతంలో రద్దీగా ఉండే ఆ ఒక్క విమానాశ్రయంలోనే ఉంది. సాధనకు వేరే చోటు చూపించి ఉంటే అది అటు వచ్చేదే కాదు. ఎనిమిదేళ్లకు లాస్ ఏంజెలిస్ పక్కన సెరిటోస్‌లో ఇంకొకటి. 1986 ఆగస్టు 31, ఆదివారం, ఆకాశం నిర్మలంగా ఉంది. చిన్న పైపర్ విమానం పొరపాటున అనుమతి లేని మేరలోకి వచ్చి, దిగుతున్న ఏరోమెక్సికో డీసీ-9 తోకను కొట్టింది. 82 మంది చనిపోయారు. పైపర్‌లో రాడార్ అడిగితే జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంది గానీ, తానెంత ఎత్తులో ఉన్నదీ చెప్పే సామర్థ్యం దానికి లేదు.

ఆ తర్వాత అమెరికా రెండు పనులు చేసింది. పెద్ద విమానాలకు ఎదురొచ్చేదాన్ని పసిగట్టి తప్పించే ‘టీకాస్’ పరికరం తప్పనిసరి చేసింది. ప్రధాన విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల మేర, అంటే దాదాపు 55 కిలోమీటర్ల మేర, ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ లేకుండా ఎవరూ ఎగరకూడదంది. అక్కడ పెద్ద విమానాల కోసం కేటాయించిన ఆకాశం ఆకారం మనకు తేలిగ్గా అర్థమవుతుంది. శ్రీకాళహస్తి గాలిగోపురాన్ని తలకిందులు చేసి నిలబెట్టినట్టు ఉంటుంది. నేల దగ్గర ఇరుకు, పైకి పోయేకొద్దీ అంతస్తులు అంతస్తులుగా వెడల్పు. చిన్న విమానాలు ఆ అంతస్తుల చూరు కింద నిక్షేపంగా తిరగొచ్చు. గోపురం లోపలికి రావాలంటే అనుమతి కావాలి.

మన దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి 349 ప్రాణాలు పట్టింది. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబోకు 14 వేల అడుగులు, దిగడానికి వస్తున్న కజకిస్థాన్ విమానానికి 15 వేల అడుగులు కేటాయించారు. రెండోది ఆగాల్సిన చోట ఆగకుండా కిందికి దిగింది. హర్యానాలోని చార్ఖీ దాద్రీ పొలాల మీద రెండూ ఢీకొన్నాయి. అక్కడ చిన్న విమానమేదీ లేదు, అయినా ఆ ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ రోజు ఢిల్లీలో వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి, మిగతా ఆకాశం చాలావరకు వైమానిక దళానిది. కంట్రోలర్ ముందున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపిస్తుంది, ఎంత ఎత్తులో ఉందో చూపించదు. 1974కు ముందు తిరుమల ఘాట్ రోడ్డు ఎలా ఉండేదో 1996లో ఢిల్లీ ఆకాశం అలా ఉంది. ప్రమాదం తర్వాతే రాకకూ పోకకూ దారులు విడదీశారు, పెద్ద విమానాలకు టీకాస్ తప్పనిసరి చేశారు.

టీకాస్ వచ్చాక ఇక భయం లేదనుకుంటే పొరపాటు. అది ఎదుటివాడి ట్రాన్స్‌పాండర్ జవాబిస్తేనే పనిచేస్తుంది. 2006లో బ్రెజిల్ అడవుల మీద ఒక చిన్న బిజినెస్ జెట్ ట్రాన్స్‌పాండర్ మూగబోయింది. దాన్ని తగిలి గోల్ సంస్థ బోయింగ్ కూలిపోయింది, 154 మంది పోయారు. చిన్న జెట్ మాత్రం క్షేమంగా దిగింది. రెండో సంగతి, నేలకు వెయ్యి అడుగుల లోపు దిగాక టీకాస్ పైకి పొమ్మనీ కిందికి దిగమనీ ఆదేశాలివ్వదు. సరిగ్గా విమానాశ్రయం ముంగిట్లో, సాయం ఎక్కువ కావాల్సిన చోటే, అది ఏం చేయాలో చెప్పదు.

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద జరిగింది అలాంటి చోటే. దిగుతున్న అమెరికన్ ఈగిల్ విమానాన్ని సైనిక బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఢీకొంది. 67 మందిలో ఒక్కరూ మిగల్లేదు. విమానం కనిపిస్తోందని, తామే తప్పుకుంటామని హెలికాప్టర్ సిబ్బంది చెప్పారు. శాన్ డియాగోలో విన్న మాటే ఇది, నలభై ఆరేళ్ల తర్వాత. హెలికాప్టర్ దారికి ఎత్తు హద్దు 200 అడుగులు. ఆ హద్దు పాటించినా, దిగే విమానానికీ దానికీ మధ్య ఖాళీ ఒక చోట 75 అడుగులే ఉంటుందని దర్యాప్తు సంస్థ తేల్చింది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా ఆ విమానాశ్రయం దగ్గర హెలికాప్టర్లు, విమానాలు మరీ దగ్గరగా వచ్చిన సందర్భాలు 15,214 అని కూడా అదే లెక్క తీసింది. లెక్క రికార్డుల్లో ముందు నుంచీ ఉంది. కూర్చుని కూడినవాళ్లే లేరు.

మన పక్కనే చూస్తే హైదరాబాద్, బెంగళూరు రెండు రకాల పాఠాలు చెబుతాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట శిక్షణ విమానాలకు, ప్రముఖుల హెలికాప్టర్లకు మిగిలింది. చిన్నా పెద్దా విడదీయాలని చేసిన పని కాదది, ఊరు పెరిగి చేసిన పని. ఫలితం మాత్రం మంచిదే. అయినా నాదర్‌గుల్ శిక్షణ క్షేత్రం శంషాబాద్‌కు దగ్గర్లోనే ఉంది, హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. అక్కడి కంట్రోలర్లు రోజూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటేనే బండి నడుస్తుంది. బెంగళూరులో జక్కూరు ఉంది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎక్కిన చిన్న విమానం అక్కడి నుంచి లేచీ లేవగానే కూలినప్పుడు ఆ పేరు తెలుగువాళ్లందరికీ తెలిసింది. పక్కన యలహంక వైమానిక స్థావరం, ఉత్తరాన కెంపేగౌడ విమానాశ్రయం. ముందు చిన్న క్షేత్రం ఉంది, తర్వాత పెద్దది వచ్చింది. ఇప్పుడు చిన్నవాడు పెద్దవాడి దయ మీద ఎగరాలి.

ఈ వరుసలో మన తిరుపతి, చిత్తూరు జిల్లాలు ఎక్కడున్నాయి? దేశవ్యాప్తంగా శిక్షణ సంస్థలకు చోటిచ్చిన విమానాశ్రయాల జాబితాలో 2022లో కడప చేరింది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో వేరే విమానాశ్రయాల్లో దిగాలి. కడప నుంచి బయల్దేరిన కుర్రవాడికి రేణిగుంట సహజమైన మజిలీ. చిత్తూరు పొలిమేర దాటితే వచ్చే వేలూరులో చిన్న విమానాల కోసం ఉడాన్ పథకం కింద రన్‌వే సిద్ధం చేశారు. కుప్పంలో విమానాశ్రయం ప్రతిపాదన ఉండనే ఉంది. 2024 నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబు విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో వెళ్లి, అలాంటివి ఇంకా వస్తాయన్నారు. ఇవన్నీ మంచివే. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. వాటిని నడిపే పిల్లలు ఎక్కడో ఒకచోట సెస్నా మీదే కదా మొదలుపెట్టాలి. చిన్న విమానాలను తరిమేస్తే పైలట్లను విదేశాల నుంచి దిగుమతి చేసుకోవాలి. కాబట్టి తరమడం కాదు, దారి చూపించడం కావాలి.

ఆ దారి మరీ బ్రహ్మవిద్య కాదు. రేణిగుంట చుట్టూ 55 కిలోమీటర్ల మేర, అంటే తూర్పున నాయుడుపేట నుంచి పడమర పాకాల దాకా, ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ పనిచేయని ఏ యంత్రాన్నీ గాల్లోకి లేవనివ్వకూడదు. అది మంత్రిగారి హెలికాప్టరైనా సరే. ముఖ్యంగా అదే. హెలికాప్టర్లకు, శిక్షణ విమానాలకు కంటికి ఆనే గుర్తులతో దారులు గీసి పటం అచ్చు వేయాలి. చంద్రగిరి కోట, కళ్యాణి డ్యామ్, రేణిగుంట జంక్షన్, శ్రీకాళహస్తి గోపురం. ఇంతకంటే మంచి గుర్తులు ఏ పైలట్‌కు దొరుకుతాయి? జెట్ దిగే వాలు కింద అడ్డంగా దాటే చోటు ఒకటో రెండో ఉంచి, అక్కడ ‘కనిపిస్తోంది’ అన్న మాట మీద వదిలేయకుండా ముందొకటి, వెనకొకటి పంపాలి. డ్రోన్ల విషయంలో 2021 నిబంధనలు ఇప్పటికే విమానాశ్రయం నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల హద్దు పెట్టాయి. కొండ మీద డ్రోన్ ఎగిరిందని గగ్గోలు పెట్టేవాళ్లు, రేణిగుంట పక్కన పెళ్లి వీడియో కోసం ఎగిరేదాన్ని కూడా అంతే పట్టించుకోవాలి. తిరుమల మీద నిషేధ వృత్తం గీయదలిస్తే దాన్నీ ఇదే పటంలో, ఈ దారులతో పాటే గీయాలి. విడిగా కాదు.

విమానాశ్రయం చుట్టుపక్కల చెత్త, పక్షుల బెడద గురించి మాట్లాడటానికి అధికారులు కమిటీగా కూర్చుంటారు. గద్ద తగిలితేనే ఇంజిన్ పాడవుతుందని అంత జాగ్రత్త. అలాంటి బల్ల దగ్గరే, ఏడాదికి రెండుసార్లు, మరికొన్ని కుర్చీలు వేయవచ్చు. ఒకటి చెన్నై కంట్రోలర్‌కు, ఒకటి అరక్కోణం నౌకాదళానికి, ఒకటి శ్రీహరికోటకు, ఒకటి గాదంకికి, ఒకటి కడప శిక్షణ సంస్థలకు, ఒకటి దేవస్థానానికి. మొదటి సమావేశంలో తేల్చాల్సింది ఒక్కటే: గడిచిన ఏడాదిలో రేణిగుంటకు దిగే విమానాలకు చిన్నవి ఎన్నిసార్లు, ఎంత దగ్గరగా వచ్చాయి.